అడ్వాన్సు, బాండు, మా తాతయ్య మగ్గం

పోయిన నెల్లో ఒక ఆదివారం పొద్దున్నే మా బాబాయి కొడుకు చీరాల నుంచి ఫోన్ చేశాడు. వాడిది బీటెక్ ఆఖరి సంవత్సరం. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చిందట, ఇంట్లో అప్పుడే స్వీట్లు కూడా పంచేశారట. "అంతా బానే ఉంది గానీ అన్నయ్యా, రెండేళ్ళ బాండు ఉంది. మధ్యలో మానేస్తే 2 లక్షలు కట్టాలి. నాన్నని ష్యూరిటీ సంతకం పెట్టమంటున్నారు. పెట్టించమంటావా?" అనడిగాడు.

"పెట్టించెయ్‌రా, అందరూ పెట్టేదేగా" అని నోటిదాకా వచ్చింది. నేనూ పెట్టాను మరి. నా మొదటి కంపెనీ (పేరెందుకు లెండి) బాండు చాలదన్నట్టు నా ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తీసి బీరువాలో పెట్టుకుంది. పద్దెనిమిదో నెల్లో ఇంకోచోట దాదాపు రెట్టింపు జీతానికి ఆఫర్ వచ్చింది. బాండు డబ్బులు కట్టే స్తోమత లేదు, సర్టిఫికెట్లు చేతిలో లేవు. నోరు మూసుకుని మిగతా ఆర్నెల్లూ అక్కడే ఉన్నాను. ఆ సంగతి ఇంటికెళ్ళినప్పుడు నాన్నతో చెప్తే ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. "మీ తాతయ్యదీ అదే కథేగా. అడ్వాన్సు తీరిందాకా కదలటానికి లేదు" అన్నాడు.

అప్పట్లో ఆ మాట పట్టించుకోలేదు. తాతయ్య జాండ్రపేటలో గుంట మగ్గం మీద చీరలు నేసిన మనిషి. నేను ఏసీ గదిలో జావా రాసుకునేవాణ్ణి. ఇద్దరికీ పోలికేంటి అనుకున్నాను. మొన్న తమ్ముడు ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. ఎందుకంటే ఈలోపు నేను కొంచెం చదివాను.

చదివానంటే యూనివర్సిటీలో కాదు. మన ఇంజనీరింగ్‌లో ఆర్థికశాస్త్రం అంటే 'మీఫా' అనే ఒకే ఒక్క సబ్జెక్టు (జేఎన్‌టీయూ వాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది, పరీక్ష ముందురోజు రాత్రి ఆల్-ఇన్-వన్ తెచ్చుకుని చదివేది). అందులో మనిషి గురించి ఉన్నదల్లా ఒక్క అక్షరం - 'ఎల్'. ఉత్పత్తి అనేది కే, ఎల్‌ల ఫంక్షన్. కే అంటే పెట్టుబడి, ఎల్ అంటే శ్రమ. ఎల్ ధర పెరిగితే దాని గిరాకీ తగ్గుతుంది. అయిపోయింది. ఉల్లిపాయలకి ఏ గ్రాఫో మనిషికీ అదే గ్రాఫు.

మా చెల్లెలు (పెదనాన్న కూతురు) మాత్రం హైదరాబాద్‌లో ఎం.ఏ. ఎకనామిక్స్ చదివింది. లేబర్ ఎకనామిక్స్ అని ఒక పేపరు తీసుకుంది. సెలవులకొచ్చినప్పుడు దాని నోట్సు తిరగేశాను. మొదటి పేజీలోనే ఉంది - ఉల్లిపాయలు అమ్మినవాడు సంత నుంచి ఇంటికెళ్ళిపోతాడు, శ్రమ అమ్మినవాడు మాత్రం తన సరుకు వెంట తనూ వెళ్ళాలి అని. అందుకే అక్కడ ధర ఒక్కటే చాలదు. ఎవరి మాట వినాలి, ఎన్ని గంటలు, ఎప్పుడు మానెయ్యచ్చు, మానేస్తే ఏమవుతుంది - వీటన్నిటికీ నియమాలు కావాలి. చట్టం, ఒప్పందం, యూనియను, సొసైటీ, అడ్వాన్సు, ఆఖరికి ఊళ్ళో ఆనవాయితీ కూడా ఆ నియమాల్లోకే వస్తాయి. వీటిని లేబర్ మార్కెట్ సంస్థలు అంటారట. సంస్థ అంటే ఇక్కడ ఆఫీసు, బిల్డింగు కాదు, ఆట నియమాలన్నమాట.

"ఇందులో ఉదాహరణలన్నీ ఇంగ్లండువీ అమెరికావీనే అన్నయ్యా, మన ఊరి కథ ఎవడూ చెప్పడు" అంది చెల్లెలు. నిజమే. కానీ వెతికితే మన ఊరి కథ ఈ పేపరు సిలబస్ మొత్తానికీ సరిపోతుంది. నాకు దొరికినంతవరకూ చెప్తాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకోండి.

రేపల్లె దగ్గర నిజాంపట్నం ఉంది కదా. ఇప్పుడు చేపల రేవు. విదేశీ వర్తకులు దాన్ని పెటపోలి అనేవాళ్ళు. డచ్చివాళ్ళు 1606లో అక్కడ కొట్టు పెట్టారు. 1611లో ఇంగ్లీషువాళ్ళ 'గ్లోబ్' అనే ఓడ ముందు అక్కడా తర్వాత మచిలీపట్నంలోనూ లంగరేసింది. వాళ్ళొచ్చింది మిరియాల కోసం అనుకుంటాం గానీ, మన తీరానికి వాళ్ళని రప్పించింది బట్ట. ఇక్కడి బట్ట కొని తూర్పు దీవులకి తీసుకెళ్తేనే అక్కడ మసాలా దినుసులు దొరికేవి. అంటే మన ఎక్స్‌పోర్టు సర్వీసులకి నాలుగొందల ఏళ్ళ చరిత్ర ఉందన్నమాట.

ఆ వ్యాపారం నడిచింది అడ్వాన్సు మీద. వర్తకుడు నేతగాడికి ముందుగా డబ్బిచ్చేవాడు. నేతగాడు దాంతో నూలు కొనుక్కుని, తిండికి వాడుకుని, బట్ట నేసి ఇచ్చేవాడు. ఇక్కడివరకూ మామూలే. ప్రసన్నన్ పార్థసారథి అనే చరిత్రకారుడు 18వ శతాబ్దపు దక్షిణాది నేతగాళ్ళ మీద 2001లో ఒక పుస్తకం రాశాడు. అందులో ఒక విషయం చదివి నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. అప్పటి ఆనవాయితీ ప్రకారం, నేతగాడు అడ్వాన్సు తిరిగిచ్చేసి ఎప్పుడైనా ఒప్పందం లోంచి బయటికి రావచ్చు. వర్తకుడికి మాత్రం ఆ హక్కు లేదు. "నా డబ్బు నాకిచ్చెయ్, నీ బట్ట నాకొద్దు" అనటానికి వీల్లేదు.

ఒక్కసారి ఆలోచించండి. బట్ట ధర పెరిగితే నేతగాడు పాత వర్తకుడి డబ్బు వాడి మొహాన కొట్టి కొత్తవాడికి నేస్తాడు. ధర పడిపోతే పాత ధరకే పాత వర్తకుడికి అంటగడతాడు. మన భాషలో చెప్పాలంటే, స్టాక్ ఆప్షన్ ఉన్నది ఉద్యోగికి, దాని ఖర్చు కంపెనీది. పైగా ధర నచ్చకపోతే మొత్తం ఊరే మగ్గాలతో సహా వేరే రాజ్యానికి వలసపోయేది. నేతగాళ్ళొస్తే పన్నులొస్తాయి కాబట్టి రాజులు కూడా వాళ్ళని బతిమాలుకునేవాళ్ళు. ఆ కాలంలో దక్షిణాది నేతగాడి సంపాదన, ధాన్యంలో లెక్కేస్తే, ఇంగ్లండు నేతగాడికి తీసిపోలేదని పార్థసారథి వాదన. దీన్ని బ్రాడ్‌బెర్రీ, బిష్ణుప్రియ గుప్తా లాంటి ఆర్థిక చరిత్రకారులు ఒప్పుకోలేదు, ఆ లెక్కల మీద పెద్ద చర్చే జరిగింది. నా మటుకు నాకు జీతం లెక్క కంటే వదిలెళ్ళే హక్కు లెక్కే ముఖ్యం అనిపించింది.

మరి ఆ హక్కు ఏమైంది?

1759లో మచిలీపట్నం, నిజాంపట్నం సర్కార్లు ఇంగ్లీషు కంపెనీ కిందికొచ్చాయి. గుంటూరు సర్కారు 1788లో వచ్చింది. అంతకుముందు కంపెనీ పదిమంది కొనుగోలుదార్లలో ఒకడు. ఇప్పుడు కొనేవాడూ వాడే, ప్రభుత్వమూ వాడే. మధ్యలో వర్తకుల్ని తప్పించి నేరుగా నేతగాళ్ళకే అడ్వాన్సులివ్వటం మొదలెట్టారు. తీసుకున్నాక ఇంకెవరికీ నెయ్యకూడదు. సరుకు ఆలస్యమైతే ఇంటిముందు బంట్రోతుని కూర్చోబెట్టేవాళ్ళు, వాడి బత్తెం కూడా నేతగాడే భరించాలి. అదే అడ్వాన్సు, అదే మగ్గం. మారింది ఒక్క నియమం. అంతకుముందు అడ్వాన్సు నేతగాడికి పెట్టుబడి, ఆ తర్వాత అది ముందరికాళ్ళకి బంధం.

తర్వాత అది చట్టం కూడా అయింది. 1859లో పనివాళ్ళ ఒప్పంద ఉల్లంఘన చట్టం వచ్చింది. అడ్వాన్సు తీసుకున్న పనివాడు పని మానేస్తే యజమాని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళచ్చు. డబ్బు తిరిగిప్పించాలా, పని చేయించాలా అన్నది యజమాని ఇష్టం. కాదంటే మూడు నెలల వరకూ కఠిన శిక్ష. ఒకటి గమనించండి, యజమాని మాట తప్పితే జైలు లేదు. అది సివిల్ తగాదా. పనివాడు తప్పితే మాత్రం నేరం. ఈ చట్టం మొదట మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాల కోసం పెట్టింది, తర్వాత ఎక్కడ కావాలంటే అక్కడికి పాకించారు. 1925లో రద్దు చేసేదాకా పుస్తకంలో ఉంది.

ఇది మన బానిసత్వం వల్లనే వచ్చిందనుకోకండి. ఇంగ్లండులో కూడా ఇలాంటి యజమాని-సేవకుల చట్టాలు ఉండేవి. అక్కడి కార్మికులు పోరాడి 1875లో ఆ జైలు శిక్షలు తీసేయించుకున్నారు. తర్వాత ఏం జరిగిందన్నది సురేష్ నాయుడు, నోమ్ యుక్ట్‌మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పాత కోర్టు లెక్కలు తవ్వి 2013లో ఒక పేపరుగా అచ్చేశారు. వాళ్ళు తేల్చినవి రెండు. ఒకటి, సరుకుకి గిరాకీ పెరిగి పనివాళ్ళకి బయట మంచి అవకాశాలు వచ్చినప్పుడే యజమానులు కేసులు ఎక్కువ పెట్టేవాళ్ళు. రెండు, చట్టం రద్దయ్యాక, కేసులు ఎక్కువగా పడిన జిల్లాల్లోనే జీతాలు ఎక్కువ పెరిగాయి. అంటే వదిలెళ్ళే దారి మూసేస్తే అది జీతంలో కనపడుతుంది. తలుపు తెరిస్తే, వెళ్ళనివాడి జీతం కూడా పెరుగుతుంది. నాకు లేబర్ ఎకనామిక్స్ మొత్తంలో బాగా నచ్చిన ముక్క ఇదే.

జోన్ రాబిన్సన్ అనే కేంబ్రిడ్జి ఆవిడ 1933లో దీనికో పేరు తెచ్చింది - మోనోప్సొనీ. అమ్మేవాడు ఒక్కడే ఐతే మోనోపొలీ, కొనేవాడు ఒక్కడే ఐతే మోనోప్సొనీ. కొనేవాళ్ళు పదిమంది ఉన్నా మీరు కదల్లేకపోతే, మీకు కొనేవాడు ఒక్కడే.

ఇక చీరాల. సికింద్రాబాద్ నుంచి రాత్రి బండెక్కితే విజయవాడ తర్వాత తెనాలి, నిడుబ్రోలు, బాపట్ల, చీరాల. ఈ లైను మీద ఇద్దరు మనుషుల గురించి చెప్పుకోవాలి. ఇద్దరూ మనలాగే పై చదువులకి విదేశాలెళ్ళినవాళ్ళు. తేడా ఏంటంటే ఇద్దరూ తిరిగొచ్చారు.

మొదటివాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆంధ్రరత్న అంటే స్కూల్లో చదువుకున్నాం. చీరాల-పేరాల ఉద్యమం అంటే రెండు మార్కుల ప్రశ్న. ఐతే ఆయన ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రంలో ఎం.ఏ. చేశాడన్న సంగతి నాకు మొన్నటిదాకా తెలీదు. 1919లో చీరాల, పేరాల గ్రామాల్ని కలిపి మునిసిపాలిటీ చేసి, పన్నులు అనేక రెట్లు పెంచారు. జనం మొర పెట్టుకున్నారు, పన్ను కట్టమన్నారు, జైలుకెళ్ళారు. 1921 ఏప్రిల్లో గాంధీ చీరాల వచ్చినప్పుడు రెండు దారులు చెప్పాడు. ఒకటి పన్ను నిరాకరణ, రెండోది ఊరే వదిలి మునిసిపాలిటీ హద్దు దాటిపోవటం. గోపాలకృష్ణయ్య వెనకాల వేలమంది రెండోది ఎంచుకున్నారు. ఊరి బయట పాకలేసుకుని రామనగర్ అని పేరు పెట్టుకుని పదకొండు నెలలు ఉన్నారు.

దీన్ని మనం స్వాతంత్ర్య పోరాటం కిందే చదివాం. నేత ఊరి దృష్టితో చూస్తే ఇంకోటి కనపడుతుంది. నేతగాడికి ఇల్లే కార్ఖానా. ఇంటిపన్ను పెరిగిందంటే పని మీద పన్ను పెరిగినట్టే. పైగా గుంట మగ్గం అంటే నేలలో గొయ్యి తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని నేసేది. దాన్ని ఎత్తి బండిమీద పెట్టుకుపోవటం కుదరదు. ఎక్కడికెళ్తే అక్కడ మళ్ళీ తవ్వాలి. అయినా వెళ్ళారు. రాజ్యం నచ్చకపోతే మగ్గాలతో లేచిపోయే 18వ శతాబ్దపు పాత ఆయుధాన్నే మళ్ళీ బయటికి తీశారనిపిస్తుంది నాకు.

ఐతే ఈసారి అది పని చెయ్యలేదు. పూర్వం ఒక రాజ్యం వదిలితే ఇంకో రాజు పిలిచేవాడు. 1921లో హద్దు దాటినా అవతలా అదే తెల్లవాడు. గోపాలకృష్ణయ్యని ఏడాదిపాటు తిరుచినాపల్లి జైల్లో పెట్టారు. డబ్బులైపోయాయి. ఎండకీ వానకీ పాకల్లో ఉన్న జనం చివరికి ఇళ్ళకి తిరిగొచ్చారు. వదిలెళ్ళటం ఆయుధం కావాలంటే వెళ్ళటానికి ఇంకో చోటుండాలి. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆయన 1970లో ఈ విషయం మీద ఒక చిన్న పుస్తకమే రాశాడు. నచ్చకపోతే మనిషికి రెండు దారులు, ఒకటి వెళ్ళిపోవటం, రెండోది ఉండి నోరు విప్పటం అని. మొదటిది మూసుకుపోతే రెండోదే గతి.

రెండో మనిషి ఎన్.జి. రంగా. ఊరు నిడుబ్రోలు, పుట్టింది 1900లో. గుంటూరు ఏ.సి. కాలేజీ, అక్కణ్ణుంచి ఆక్స్‌ఫర్డులో ఆర్థికశాస్త్రం బి.లిట్. తిరిగొచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఎకనామిక్స్ ప్రొఫెసర్. మనకి రంగా గారంటే రైతు నాయకుడు, దశాబ్దాలపాటు పార్లమెంటు సభ్యుడు. కానీ రాజకీయాల్లోకి పూర్తిగా దిగకముందు ఆయన దక్షిణాది చేనేత కార్మికుల స్థితిగతుల మీద పుస్తకం రాశాడు. 1930లో బొంబాయిలో అచ్చయింది. నేతగాడికి ఎంత వస్తుంది, అప్పెంత, నూలు ఎవరిస్తున్నారు, బట్ట ఎవరు కొంటున్నారు అన్నవి అందులో అంశాలు. నా చెల్లెలు చదివిన పేపరుకి ఇదే కదా మొదటి పాఠం అవ్వాల్సింది!

ఆ నిడుబ్రోలులోనే 1915లో ప్రగడ కోటయ్య పుట్టాడు. చేనేత సహకార సంఘాలంటే ఆయనే, చీరాల ఎమ్మెల్యేగానూ చేశాడు. వెంకటగిరిలో చేనేత టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ ఆయన పేరు మీదే ఉంది. సహకార సంఘం ఆలోచన సింపులే. షావుకారు చేసే మూడు పనులు - నూలివ్వటం, బట్ట కొనటం, కష్టానికి అప్పివ్వటం - సొసైటీ చేస్తే, నేతగాడికి రెండో కొనుగోలుదారు దొరుకుతాడు. దొరికితే షావుకారు కూడా మజూరీ పెంచక తప్పదు. 1935లో మద్రాసు రాష్ట్ర చేనేత సహకార సంఘం (తర్వాతి కో-ఆప్టెక్స్), 1976లో మన ఆప్కో అలా వచ్చినవే.

మరి ఇవన్నీ ఉండగా మా తాతయ్య షావుకారు దగ్గరే ఎందుకున్నాడు? నాన్నని కూర్చోబెట్టి అడిగాను. సొసైటీలో నూలు రెండు నెలలుంటే మూడు నెలలు ఉండేది కాదట, బట్ట డబ్బులు ఎప్పుడొస్తాయో తెలిసేది కాదట. షావుకారు వారం వారం మజూరీ ఇచ్చేవాడు. నూలు, డిజైను ఇంటికి పంపేవాడు. మామ్మ, అత్తలు కండెలు చుట్టి ఇస్తే తాతయ్య నేసేవాడు. మజూరీ తాతయ్య ఒక్కడి పేరునే, వాళ్ళ ముగ్గురి పనీ అందులోనే. మా పెద్దత్త పెళ్ళికి షావుకారు దగ్గరే అడ్వాన్సు తీసుకున్నాడు. అది పుస్తకంలో ఒక పేజీ. నెలనెలా కొంచెం తీరేది, ఏదో జబ్బుకో పండక్కో మళ్ళీ పెరిగేది. ఎదురువీధి షావుకారు చీరకి ఐదు రూపాయలు ఎక్కువిస్తానన్నాడట. ఐతే వెళ్ళాలంటే పాత అడ్వాన్సు మొత్తం ఒకేసారి కట్టాలి, లేదా కొత్త షావుకారు కట్టి తన పుస్తకంలో రాసుకోవాలి. ఆయన అంత కట్టనన్నాడు. తాతయ్య కదల్లేదు.

ఇది వింటుంటే నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. మనం దీన్ని 'నోటీస్ బైఅవుట్' అంటాం కదా! తొంభై రోజుల నోటీసు, కొత్త కంపెనీ హెచ్చార్ "బైఅవుట్ మా పాలసీలో లేదండీ" అనటం, ఆఫర్ చేజారిపోవటం. పేజీ ఎర్రపుస్తకంలోంచి పీడీఎఫ్‌లోకి మారింది, అంతే.

షావుకారు దుర్మార్గుడని నేననను. ఆయనకీ రిస్కు ఉంది. చీరలు అమ్ముడుపోకపోతే నూలు డబ్బు ఆయనదే పోతుంది. అత్త పెళ్ళికి ఏ బ్యాంకూ అప్పివ్వని రోజుల్లో ఆయనే ఇచ్చాడు. 1991లో నూలు ధరలు విపరీతంగా పెరిగి చీరాల చుట్టుపక్కల నేత ఇళ్ళల్లో ఆకలి చావులు జరిగినప్పుడు, మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే ఆయన బియ్యం వల్లే అంటాడు నాన్న. అదే కదా చిక్కు. ఆపదలో ఆదుకున్న చెయ్యీ, కదలకుండా పట్టుకున్న చెయ్యీ ఒక్కటే. అప్పు ఒకచోట, పని ఇంకోచోట ఉండుంటే తాతయ్య ఆ ఐదు రూపాయల కోసం వెళ్ళేవాడు. రెండూ ఒకే పుస్తకంలో ఉండబట్టే వెళ్ళలేదు. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం అడ్వాన్సుకీ చాకిరీకీ ఉన్న ఈ ముడినే నిర్వచనంలో పెట్టింది. ఐతే ఇలా ఇంట్లో మగ్గం దగ్గర మర్యాదగా నడిచే ముడిని ఎవరూ వెట్టి అనరు. మా తాతయ్యని అలా అంటే ఆయన కొట్టేవాడు కూడా.

ఇంకో తెలుగాయన సంగతి కూడా చెప్పి ముగిస్తాను. వి.వి. గిరి 1913లో లా చదవటానికి డబ్లిన్ వెళ్ళాడు. సరిగ్గా ఆ ఏడే డబ్లిన్‌లో యజమానులు యూనియన్‌లో చేరినవాళ్ళందర్నీ పనిలోంచి గెంటేసిన పెద్ద లాకౌట్ జరిగింది. ఐర్లండు గొడవల్లో తలదూర్చినందుకు 1916లో గిరిని దేశం వదిలి పొమ్మన్నారు. ఇక్కడికొచ్చి రైల్వే కార్మికుల యూనియన్ కట్టాడు. నెహ్రూ ప్రభుత్వంలో కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగులకి ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం మార్చిందని 1954లో రాజీనామా చేశాడు. 1957లో ఇండియన్ సొసైటీ ఆఫ్ లేబర్ ఎకనామిక్స్ పుట్టటంలోనూ ఆయన చెయ్యి ఉంది. తగాదా వస్తే కోర్టులూ ప్రభుత్వమూ తీర్చటం కంటే, రెండు పక్కలా కూర్చుని బేరమాడుకోవటం మేలన్నది ఆయన జీవితమంతా చెప్పిన మాట. హిర్ష్‌మన్ భాషలో ఇది నోరు విప్పే దారి.

మన ఐటీ వాళ్ళకి ఆ దారి అంటే కొంచెం చిన్నచూపు. "యూనియన్లు ఫ్యాక్టరీ వాళ్ళకి, మనకి నచ్చకపోతే జంప్ కొడతాం" అంటాం. నేనూ అనేవాణ్ణి. మార్కెట్టు వేడిగా ఉన్నప్పుడు అది నిజమే. ఐతే ఆ జంప్‌కి అడ్డాలు వేసేవాళ్ళు మనకంటే బాగా ఆలోచిస్తారు. యాపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ లాంటి కంపెనీలు ఒకరి ఉద్యోగుల్ని ఒకరు పిలవకూడదని లోపాయికారీగా అనుకున్నందుకు 2010లో అమెరికా ప్రభుత్వం కేసు పెట్టింది. ఆ నాలుగూ కలిసి ఉద్యోగులకి 41.5 కోట్ల డాలర్లు కట్టటానికి 2015లో కోర్టు ఒప్పుకుంది. హెచ్-1 మీదున్నవాళ్ళకి 2000లో వచ్చిన చట్టం దాకా, కొత్త కంపెనీ పిటిషన్ వెయ్యగానే మారిపోయే వెసులుబాటు లేదు, ఆమోదం వచ్చేదాకా ఆగాల్సిందే. తలుపు ఉందా అన్నదే కాదు, దాని గడియ ఎవరి చేతిలో ఉందన్నది కూడా చూడాలి.

మరి మన దేశంలో బాండు చెల్లుతుందా? తమ్ముడి కోసం ఇదీ చదివాను. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంక్ కేసులో, మూడేళ్ళ లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. ఐతే అది ప్రభుత్వరంగ బ్యాంకు నియామకాలకయ్యే ఖర్చు, ఆ ఉద్యోగి హోదా, జీతం అన్నీ చూసి చెప్పిన తీర్పు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం రాసుకున్న మొత్తం గరిష్ఠం మాత్రమే, సబబైన పరిహారానికి మించి రాదు. అంటే ఎవరైనా కోర్టుకెళ్తే, "శిక్షణకి నిజంగా ఎంత ఖర్చు పెట్టారు?" అన్న ప్రశ్న వస్తుంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో 'వర్కర్' నిర్వచనంలో సాంకేతిక పని చేసేవాళ్ళు కూడా ఉన్నారు. మనం కార్మికులం కాదని మనమే అనుకుంటాం గానీ, చట్టం అంత ఖచ్చితంగా అనట్లేదు.

మళ్ళీ తమ్ముడి దగ్గరికొస్తా. మా బాబాయి ఇప్పటికీ మగ్గం నేస్తాడు. ఆయన పేరు మీద షావుకారు పుస్తకంలో ఇప్పటికీ ఒక పేజీ ఉంది. ఇప్పుడు కొడుకు బాండుకి ఆయనే ష్యూరిటీ పెడితే, ఒకే మనిషి మెడకి రెండు అడ్వాన్సులు. ఒకటి ఆయన తీసుకున్నది, రెండోది అసలు ఎవరూ ఇవ్వనిది. ఆలోచిస్తే బాండులో వింత ఇదే. షావుకారు ముందు డబ్బిచ్చి తర్వాత కట్టేసేవాడు. బాండులో పైసా చేతికి రాకుండానే బాకీ మొదలవుతుంది.

వాడికి ఫోన్ చేసి చెప్పాను. ఉద్యోగం వదులుకోమని చెప్పలేదు, ఇంట్లో పరిస్థితి నాకు తెలుసు. మూడు మాటలు చెప్పాను. ఒకటి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తెచ్చుకో. రెండు, నాన్నతో సంతకం పెట్టించొద్దు. ష్యూరిటీ తప్పదంటే నేను పెడతాను. మూడు, నెలనెలా మొత్తం తగ్గేలా రాయమని అడుగు, ఏడాది పని చేసినవాడికీ వారం చేసినవాడికీ ఒకటే జరిమానా ఏంటని అడుగు. అదీ ఒక్కడివే అడక్కు. మీ కాలేజీలో సెలెక్టయిన ఇరవై రెండు మందీ కలిసి ఒక మెయిల్ పెట్టండి అన్నాను.

"అలా అడిగితే ఆఫర్ తీసేస్తారేమో అన్నయ్యా" అన్నాడు.

"ఒక్కడు అడిగితే తీసేస్తారేమో. ఇరవై రెండు మందీ అడిగితే జవాబిస్తారు" అన్నాను. ఇది డబ్లిన్‌లో గిరి నేర్చుకుంది, నేను ముప్ఫయ్యేళ్ళు వస్తుండగా నేర్చుకున్నాను.

పోయిన వారం మెయిల్ వెళ్ళింది. పదిహేడు మంది పేర్లు పెట్టారట, ఐదుగురు భయపడ్డారట. ఇంకా జవాబు రాలేదు. వస్తే చెప్తాను. మీలో ఎవరైనా బాండు మధ్యలో వదిలి వచ్చినవాళ్ళుంటే ఏం జరిగిందో చెప్పండి, వాడికి పనికొస్తుంది.